మందు దిగే వేళ

పిల్లల్లో నిలకడలేమికీ ఏకాగ్రత లోపానికీ ఉత్తేజక మందులు ఇచ్చే పద్ధతి 1937లో అమెరికాలో పుట్టింది. మందు మింగిన పిల్లవాడు కుదురుగా కూర్చుంటాడన్న సంగతి ఆ ఏడాదే నమోదైంది. మందు వాడుతుండగానే కొందరు మరింత చిరాకుగా, మరింత పరధ్యానంగా తయారవుతారన్న ఫిర్యాదు కూడా వైద్యుల చెవిన చాలాకాలంగా పడుతూనే ఉంది. అయితే అది ఒక్క ఇబ్బంది కాదనీ, వేర్వేరు కారణాలున్న నాలుగైదు ఇబ్బందులకు జనం పెట్టుకున్న ఒకే పేరనీ తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఆలస్యానికి ముఖ్య కారణం చూసేవాళ్లు, చూసే వేళలు. పొద్దున పదింటికి తరగతిలో టీచరుకు కనిపించే పిల్లవాడు వేరు, సాయంత్రం ఐదింటికి ఇంట్లో తల్లికి కనిపించే పిల్లవాడు వేరు. మొదటి ముప్పై నలభై ఏళ్లూ పరిశోధకులు ఎక్కువగా టీచరు మాటే రాసుకున్నారు.

సమస్య మాత్రం మందు కంటే పాతది. స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లో రాసిన పుస్తకంలో మనసు ఒకచోట నిలవకపోవడాన్ని జబ్బుగా లెక్కించి ఒక అధ్యాయం కేటాయించాడు. 1840లలో జర్మన్ వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్ పిల్లల బొమ్మల కథల్లో భోజనాల బల్ల దగ్గర కుదురులేని ఫిలిప్‌ను సృష్టించాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఇచ్చిన ఉపన్యాసాలు, తెలివితేటలకు లోటు లేకున్నా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించినవి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మొదలైన మెదడువాపు మహమ్మారి నుంచి బతికి బయటపడ్డ పిల్లల్లో కొందరు విపరీతమైన అల్లరివాళ్లుగా మారారు. ఈ లోపం మెదడులోనే ఉండవచ్చన్న అనుమానం అక్కడ బలపడింది. దీన్ని ఇప్పుడు ఏడీహెచ్‌డీ అంటున్నారు. తెలుగు మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఏకాగ్రతను అవధానం అంటాయి. ఎనిమిది మందిని ఏకకాలంలో సంబాళిస్తూ, అప్రస్తుత ప్రసంగి ఎంత కెలికినా దారి తప్పకపోవడాన్ని అష్టావధానమనే కళగా చేసుకున్న భాషలో ఆ మాట చక్కగా ఒదిగింది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి అప్రస్తుత ప్రసంగి బయట ఎక్కడో కాక తలలోనే కూర్చుని ఉంటాడు.

ఇక మందు సంగతి. ఆంఫెటమిన్‌ను రుమేనియా రసాయనవేత్త లజార్ ఎడెలియాను 1887లో బెర్లిన్‌లో తయారుచేశాడు. దానితో ఏం చేయాలో నలభై ఏళ్లపాటు ఎవరికీ తోచలేదు. 1929లో లాస్ ఏంజెలెస్‌లో గోర్డన్ ఆలెస్ ఉబ్బసానికి మందు వెతుకుతూ దాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకుని ఫలితాలు రాసుకున్నాడు. ముక్కు దిబ్బడకు పీల్చే మందుగానూ ఆ తరవాత మాత్రలుగానూ స్మిత్, క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ దాన్ని బెంజెడ్రిన్ పేరుతో అమ్మింది.

రోడ్ ఐలండ్ రాష్ట్రం ఈస్ట్ ప్రావిడెన్స్‌లో ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ హోమ్ అనే పిల్లల మానసిక వైద్యశాల 1931లో వెలిసింది. చిన్నతనంలోనే మెదడువాపుతో దెబ్బతిన్న కూతురి పేరిట ఒక ధనిక కుటుంబం విడిచిపెట్టిన ఆస్తితో కట్టిన ఆస్పత్రి అది. అదే కుటుంబానికి చెందిన చార్ల్స్ బ్రాడ్లీ అక్కడ డాక్టరు. వెన్నెముక ద్రవం తీసేసి ఆ ఖాళీలోకి గాలి పంపి మెదడుకు ఎక్స్‌రే తీయడం ఆనాటి పద్ధతి. ఆ పరీక్ష తరవాత పిల్లలు భరించలేని తలనొప్పితో అల్లాడేవారు. ద్రవం త్వరగా ఊరితే నొప్పి తగ్గవచ్చని బ్రాడ్లీ బెంజెడ్రిన్ ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు. బడిపని మాత్రం మారింది. తరవాత 5 నుంచి 14 ఏళ్ల లోపు 30 మందికి వారంపాటు ఉదయం పూట మందు ఇచ్చి గమనిస్తే, 14 మంది చదువులో ఎవరూ ఊహించనంత ముందుకు వచ్చారు. పిల్లలే వాటికి లెక్కల మాత్రలని పేరు పెట్టుకున్నారు.

బ్రాడ్లీ 1937 నవంబరులో అచ్చువేసిన నివేదికలో ఇంకో మాట ఉంది. ఆ మార్పు మందు ఇచ్చిన మొదటి రోజే కనిపించింది, ఆపిన మొదటి రోజే మాయమైంది. దీన్ని చదివినవాళ్లు మందు ఎంత త్వరగా పనిచేస్తుందో చూశారు. ఎంత త్వరగా దిగిపోతుందో కూడా అదే వాక్యం చెబుతోంది. ఒక్కరోజులో వచ్చిపోయేది ఒక్కపూటలో కూడా వచ్చిపోవచ్చునన్న ఆలోచన అప్పటికింకా ఎవరికీ రాలేదు. నిజానికి బ్రాడ్లీ పరిశోధనకే పాతికేళ్ల దాకా పెద్దగా గిరాకీ లేదు. పిల్లల ప్రవర్తనకు మూలాలు పెంపకంలోనే వెతికే రోజులవి.

ఈలోగా రెండో మందు వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీబా కంపెనీ రసాయనవేత్త లియాండ్రో పానిజోన్ 1944లో మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య మార్గరీట్ దాన్ని మింగి టెన్నిస్ ఆడితే ఆట మెరుగుపడిందట. ఆమె ముద్దుపేరు రీటా. రిటలిన్‌కు పేరు అలా వచ్చింది. 1950ల మధ్య అమ్మకానికి వచ్చినప్పుడు అది పెద్దవాళ్ల నిస్సత్తువకూ దిగులుకూ వాడే మందు. పిల్లల వైపు దాన్ని మళ్లించినవారిలో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన లియోన్ ఐజెన్‌బర్గ్, కీత్ కానర్స్ ముఖ్యులు. సగం మందికి ఉత్తుత్తి మాత్రలిచ్చి పోల్చే పద్ధతిని ఈ రంగానికి అలవాటు చేసింది కూడా వాళ్లే. కానర్స్ 1969లో టీచర్లు నింపే ప్రశ్నపత్రం ఒకటి ప్రకటించాడు. సీట్లో కదులుతాడా, పక్కవాళ్లను సతాయిస్తాడా, చెప్పింది పూర్తి చేస్తాడా వంటి ప్రశ్నలకు టీచరు మార్కులు వేయాలి. మందు పనితీరుకు కొలమానం దొరికింది. అయితే అది బడిగంట కొట్టాక ఏమీ కొలవలేని కొలమానం.

1970లో ఒమాహా నగరంలో బడిపిల్లలకు ఈ మందులు విరివిగా ఇస్తున్నారని పత్రికల్లో కథనం వచ్చింది. అది అమెరికా కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది. పిల్లల నోళ్లు మూయించడానికే మందులు వాడుతున్నారన్నది ఆరోపణ. విచారణలో చెప్పిన అంకెలు కొంత అతిశయోక్తి అయినా ఆ ప్రశ్నలో పస లేకపోలేదు. నోరు మూసుకుని కూర్చున్న పిల్లవాడు నేర్చుకుంటున్నాడా లేదా అన్నది అప్పటిదాకా పెద్దగా ఎవరూ విడిగా కొలవలేదు.

ఆ పని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్ప్రేగ్, ఎస్తర్ స్లీటర్ చేశారు. వాళ్ల ఫలితాలు 1977లో సైన్స్ పత్రికలో వచ్చాయి. శరీర బరువులో కిలోకు 0.3 మిల్లీగ్రాముల చొప్పున రిటలిన్ ఇచ్చినప్పుడు, చూసిన బొమ్మలను గుర్తుపట్టే పరీక్షలో పిల్లలు బాగా రాణించారు. మోతాదును కిలోకు 1 మిల్లీగ్రాముకు పెంచితే ఆ జ్ఞాపకం మళ్లీ దిగజారింది. అదే మోతాదు దగ్గర టీచర్లు వేసిన మార్కులు మాత్రం అన్నిటికంటే ఎక్కువ. అంటే టీచరు సంతోషించే మోతాదూ పిల్లవాడికి చదువు ఎక్కే మోతాదూ ఒకటి కావు. ఎక్కువ మోతాదు మీద పిల్లవాడు ఒకే అంశానికి అతుక్కుపోతాడు, ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లలేడు, బిగుసుకుపోయినట్టు కూర్చుంటాడు. తల్లిదండ్రులు మా వాడు మా వాడిలా లేడని చెప్పేది ఈ స్థితినే. తరవాతి పరిశోధనలన్నీ ఇదే తీరును చూపలేదు. కొన్ని పనుల్లో మోతాదు పెరిగేకొద్దీ ఫలితమూ పెరిగింది. అయినా మోతాదు పెంచడమే మందును మెరుగుపరచడం కాదన్న గ్రహింపు అక్కడి నుంచే వచ్చింది. ఉద్రేకం ఒక స్థాయి దాటితే పనితనం పడిపోతుందని యెర్క్స్, డాడ్సన్ 1908లోనే ఎలుకల మీద చూపించారు. మెదడు ముందుభాగంలో డోపమిన్, నారడ్రెనలిన్ అనే రసాయనాలు తక్కువైనా ఎక్కువైనా ఆలోచన చెదురుతుందని యేల్‌లో ఎమీ ఆర్న్‌స్టెన్ ప్రయోగాలు తరవాత దానికి జీవశాస్త్ర ఆధారం చూపాయి.

మరుసటి ఏడాది, 1978లో, జూడిత్ రాపోపోర్ట్ బృందం ఇంకో పాత నమ్మకాన్ని కూలదోసింది. ఉత్తేజక మందు చురుకైన పిల్లవాణ్ణి నెమ్మదింపజేస్తే అదే జబ్బు ఉన్నదానికి రుజువని డాక్టర్లు అప్పటిదాకా అనుకునేవారు. రాపోపోర్ట్ 14 మంది మామూలు అబ్బాయిలకు డెక్స్‌ట్రోఆంఫెటమిన్ ఒక మోతాదు ఇస్తే వాళ్లూ కుదురుకున్నారు, పరీక్షలూ బాగా చేశారు. మందు పనిచేయడం రోగ నిర్ధారణ కాదు. పనిచేయకపోవడమూ కాదు. ఆ ప్రయోగంలో కొన్ని గంటలయ్యాక ఇంకో విషయం కూడా కనిపించింది. మందు ప్రభావం తగ్గుతున్న వేళ పిల్లలు మామూలు కంటే ఎక్కువ చిందులు వేశారు.

దీన్నే డాక్టర్లు రీబౌండ్ అంటారు, మందు దిగేటప్పటి తిరుగుబాటు. రిటలిన్ సాధారణ మాత్ర రక్తంలో రెండు మూడు గంటలకోసారి సగానికి తగ్గిపోతుంది. పని చేసేది సుమారు నాలుగు గంటలు. మధ్యాహ్నం వేసుకున్న మాత్ర సాయంత్రానికి దిగిపోతుంది. అప్పుడు ఏడుపు, చిర్రుబుర్రులు, నోరు మూతపడకపోవడం, పొద్దుటి కంటే ఎక్కువ గంతులు. గంటో అరగంటో ఉండి సద్దుమణుగుతుంది. సమయం నిక్కచ్చిగా రోజూ ఒకటే కావడం దీని గుర్తు. ఎంతమందిలో వస్తుందన్న దాని మీద వాదాలు నడిచాయి. 1988లో అచ్చయిన ఒక పరిశోధనలో అది కొందరు అబ్బాయిలకే పరిమితమైంది, అదీ రోజురోజుకూ మారుతూ వచ్చింది. అసలు మందే లేని వేళ కనిపించే పాత లక్షణాలను, పగలంతా నెమ్మదిగా ఉన్న పిల్లవాడితో పోల్చుకుని కొత్త తీవ్రతగా భావించడమూ కద్దు. చికిత్స తేలికే: సాయంత్రానికి చిన్న మోతాదు ఒకటి కలపడం, లేదా మెల్లగా దిగే రకానికి మారడం. మందు దిగే వేళ లక్షణాలు పెరిగాయని దాన్ని పూర్తిగా ఆపేయడం, మోతాదు ఎక్కువైనందుకు లక్షణాలు పెరిగితే మరింత పెంచడం, రెండూ ఒకే రకం పొరపాట్లు. రెండూ విరివిగానే జరిగాయి.

సెలవురోజుల్లో మందు మానే ఆనవాయితీ 1970లలో బలపడింది. ఈ మందుల మీద ఉన్న పిల్లలు ఎత్తూ బరువూ తక్కువ పెరుగుతున్నారని డానియెల్ సేఫర్, రిచర్డ్ ఆలెన్ 1972లో గుర్తించాక డాక్టర్లు శని, ఆదివారాలు, వేసవి సెలవుల్లో మందు ఆపించేవారు. బడి ఉన్న రోజుల్లోనే మందు అవసరమని ఆ పద్ధతి వెనక ఉన్న లెక్క. ఆదివారం ఇంట్లో తలకిందులయ్యే పిల్లవాడు ఆ లెక్కలోకి రాలేదు.

మందుకు అంటగట్టిన తప్పులన్నీ మందువి కావని కూడా చరిత్ర చూపింది. కళ్లు టపటపలాడించడం, భుజం ఎగరేయడం, ఊరికే గొంతు సవరించుకోవడం వంటి టిక్స్ మందు వల్లే ముదురుతున్నాయన్న భయంతో అవి ఉన్న పిల్లలకు రిటలిన్ వాడరాదని సమాచారపత్రంలో చేర్చారు. చాలామంది పిల్లలకు చికిత్సే అందకుండా పోయింది. 2002లో 136 మంది పిల్లలతో జరిగిన అధ్యయనంలో టిక్స్ పెరిగాయన్నవారు మిథైల్‌ఫెనిడేట్ వాడినవాళ్లలో 20 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 22 శాతం. టిక్స్ వాటంతట అవే పెరుగుతాయి, తగ్గుతాయి. మందు మొదలుపెట్టిన వారంలోనే పెరిగితే నింద మందు మీద పడింది.

మధ్యాహ్నపు మాత్ర ఇంకో చిక్కు. 1990లలో అమెరికా బడుల్లో పన్నెండింటికి నర్సు గది ముందు పిల్లలు వరుసలో నిలబడేవారు. తోటివాళ్ల ముందు నామోషీ, మరిచిపోవడం, తాళం వేసిన అల్మరాలు, వీటితో రోజు రెండు ముక్కలయ్యేది. మెల్లగా కరిగే రిటలిన్ ఎస్‌ఆర్ అప్పటికే మార్కెట్లో ఉంది. రోజంతా మందును ఒకే మట్టంలో ఉంచేలా దాన్ని తయారుచేశారు. కానీ అది అనుకున్నంతగా పనిచేయడం లేదని డాక్టర్లకు తెలుసు. ఎందుకన్నది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో జేమ్స్ స్వాన్సన్ తేల్చాడు. అక్కడ ప్రయోగశాలనే తరగతి గదిగా మార్చి, పొద్దున నుంచి సాయంత్రం దాకా పిల్లలను వేళ తప్పకుండా గమనించారు. రోజంతా చిన్న చిన్న మోతాదులను ఒక పద్ధతిలో సమానంగా, ఇంకో పద్ధతిలో క్రమంగా పెంచుతూ ఇచ్చారు. సమానంగా అందినప్పుడు మధ్యాహ్నానికి ఫలితం పడిపోయింది. రక్తంలో మందు ఉంది, ఉండాల్సినంతే ఉంది, కానీ శరీరం అప్పటికే దానికి అలవాటు పడింది. 1999లో ప్రకటించిన ఈ సంగతికి స్వల్పకాలిక తట్టుకునే గుణం అని పేరు. అలవాటు వారాల మీదో నెలల మీదో కాక ఒక్క పగటిలోనే ఏర్పడవచ్చని దాంతో తేలింది. 

దాన్ని బట్టి తయారైన కన్సర్టా అనే మిథైల్‌ఫెనిడేట్ మాత్రను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో అనుమతించింది. చూడ్డానికి మాత్రే కానీ లోపల ఒక చిన్న పంపు. పైపూత కరగ్గానే దాదాపు ఐదోవంతు మందు వెంటనే అందుతుంది. లోపలి పొర కడుపులోని నీటిని పీల్చి ఉబ్బుతూ, లేజర్‌తో పొడిచిన సన్నని రంధ్రం గుండా మిగతా మందును క్రమంగా పెంచుతూ నెడుతుంది. ప్రభావం దాదాపు 12 గంటలు. ఖాళీ డొప్ప చెక్కు చెదరకుండా మలంలో పడుతుంది. తెలియనివాళ్లు మందు అరగలేదని కంగారు పడుతుంటారు. చదునైన గీతకు బదులు ఎక్కే గీత కావాలన్న ఒక్క అంశం మీద కోట్ల డాలర్ల మార్కెట్ నిలబడింది.

ఆ ఎక్కే గీత ఎంత ముఖ్యమో 2014లో మళ్లీ తెలిసివచ్చింది. కన్సర్టాకు బదులుగా అమ్ముతున్న రెండు కంపెనీల చవక మాత్రలతో మధ్యాహ్నం దాటాక లక్షణాలు తిరగబెడుతున్నాయని ఫిర్యాదులు చేరాయి. ఎఫ్‌డీఏ పరిశీలించి, ఆ రెండూ అసలు మందుతో సమానంగా పనిచేస్తాయన్న గుర్తింపును నవంబరులో వెనక్కి తీసుకుంది. మందు పేరు అదే, మిల్లీగ్రాములు అవే. గంటలు అవి కావు. ఏళ్ల తరబడి బాగున్నవాడు నెల మారగానే ఎందుకు చెడిపోయాడో అర్థం కాక చాలా ఇళ్లలో మోతాదులు పెంచి ఉంటారు.

మోతాదుతోనూ గడియారంతోనూ సంబంధం లేని తీవ్రతలూ ఉన్నాయి. 3 నుంచి 5 ఏళ్ల పిల్లల మీద జరిగి 2006లో ప్రకటించిన పరిశోధనలో దుష్ప్రభావాలు తాళలేక సుమారు 11 శాతం మంది మధ్యలో మానేశారు. చిరాకు, ఊరికే ఏడుపు వాటిలో ముఖ్యమైనవి. ఆ వయసు మెదడు పెద్ద పిల్లల మెదడులా స్పందించదు. మానసిక వ్యాధి ముందు నుంచీ లేనివారిలో కూడా అరుదుగా లేనివి కనిపించడం, వినిపించడం జరుగుతుందని 2007 నుంచి అమెరికాలో ఈ మందులతోపాటు ఇచ్చే కరపత్రంలో రాయాల్సి వచ్చింది. లోపల దాగిన ఆందోళన, బైపోలార్ రుగ్మత మందుతో బయటపడవచ్చు. నిద్ర చాలకపోతే మరుసటి పగలు మందు ఉన్నా లక్షణాలు ఎక్కువగా కనిపించవచ్చు. ఆంఫెటమిన్ రకాల విషయంలో పుల్లని పండ్లరసాలు, విటమిన్ సి కూడా మందు త్వరగా బయటికి పోయేలా చేస్తాయి.

భారతదేశంలో ఈ చరిత్ర ఆలస్యంగా, ఒకే ఉత్తేజక మందుతో సాగింది. ఏడీహెచ్‌డీకి ఆంఫెటమిన్ రకాలేవీ ఇక్కడ మార్కెట్లో లేవు. మిథైల్‌ఫెనిడేట్ ఉన్నా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది కాబట్టి చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. ఈ తతంగానికి జడిసి చాలా మందుల షాపులు దాన్ని పెట్టుకోవు. అమెరికాలో ఆడరాల్ అనే ఆంఫెటమిన్ మందు అలవాటైన పిల్లలతో హైదరాబాదుకో విజయవాడకో తిరిగివచ్చే తెలుగు కుటుంబాలకు ఇది గట్టిగా తగిలే విషయం. పాత మందు దొరకదు, కొత్త మందు మోతాదు మళ్లీ మొదటి నుంచి కుదర్చాలి. ఆ మధ్య వారాల్లో ముదిరే లక్షణాలకు కారణం ఊరు మారడమో మందు మారడమో చెప్పడం కష్టం.

నెలలు, ఏళ్లు వాడితే మెదడు మారుతుందా అన్న ప్రశ్నకు 2013లో ఒక ఆధారం దొరికింది. అంతకుముందు మందు ముట్టని 18 మంది పెద్దవాళ్లకు ఏడాదిపాటు మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి జీన్-జాక్ వాంగ్, నోరా వోల్కో బృందం మెదడు చిత్రాలు తీసింది. డోపమిన్‌ను వెనక్కి తీసుకునే ట్రాన్స్‌పోర్టర్లను అడ్డుకోవడమే ఈ మందు పని. ఏడాది తరవాత ఆ ట్రాన్స్‌పోర్టర్ల లభ్యత 24 శాతం పెరిగింది. అంటే మందు తలుపు మూస్తుంటే మెదడు కొత్త తలుపులు కట్టుకుంది. మందు లేని గంటల్లో లక్షణాలు మునుపటికంటే ముదరడానికి ఇది కారణం కావచ్చని పరిశోధకులే రాశారు. 18 మంది మీద తేలిన విషయాన్ని లక్షలమందికి అన్వయించడం తొందరపాటు. సాయంత్రం తల్లులు చెబుతూ వచ్చిన మాటకు మెదడులో ఒక చిరునామా మాత్రం దొరికింది.

దీర్ఘకాలం వాడాక మందు ఇంకా పనిచేస్తోందా అని నేరుగా పరీక్షించిన ప్రయోగం నెదర్లాండ్స్‌లో జరిగి 2019లో అచ్చయింది. రెండేళ్లకు పైగా మిథైల్‌ఫెనిడేట్ మీద ఉన్న 94 మందిలో కొందరికి మందు కొనసాగించారు. మిగతావారికి తెలియకుండా మోతాదు తగ్గిస్తూ ఉత్తుత్తి మాత్రకు మార్చారు. ఏడు వారాల తరవాత మందు పోయినవాళ్లలో 40.4 శాతం మందికి లక్షణాలు ముదిరాయి. మిగతా 60 శాతంలో మందు లేకున్నా అవి ముదిరినట్టు కనిపించలేదు. మందు కొనసాగినవాళ్లలోనూ, మోతాదు మారకుండా, మాత్ర మారకుండా, 15.9 శాతం మందికి లక్షణాలు ముదిరాయి.